పైసలుండె గని బండి లేకుండె

మంటల ఇంక నాలుగు మక్క బెండ్లు ఎయ్యుర్రి. జర దగ్గరికి జరుగుర్రి, ఇయ్యాల చలి బాగున్నది.

బండ్ల ముచ్చట కంపెనీలోళ్లు చెప్పే తీరుగ నాకు చెప్పరాదు బిడ్డా. వాళ్లు ఏడాదికోసారి లెక్క జెప్తరు, ఇన్ని లక్షల బండ్లు అమ్మినం, పోయినేడుకంటె ఇంత పెరిగింది అని. ఎందుకు పెరిగిందో, ఎందుకు పడ్డదో కోరుట్ల బజార్ల పానా పట్టుకొని కూసున్నోనికి ఎర్క. మా దిక్కు బండి అమ్ముడువోవాల్నంటె టీవీల బొమ్మ ఒక్కటే సాలది. దుబాయిల పని నడవాలె, పోచంపాడు కాలువల నీళ్లు రావాలె, పంచాంగంల ముహూర్తం ఉండాలె. ఈ మూడూ కూడిన యేడు షోరూంల నిలవడ సందుండకపోయేది.

నేను పనికి కుదిరిన్నాడు కోరుట్లల బండ్ల షాపే లేదు. కిరాయి సైకిళ్ల దుకాణంల కుదిరిన. పంచర్లేసుడు, చైన్లకు నూనె పోసుడు, పొద్దుగూకంగ ఎన్ని సైకిళ్లు వాపసు అచ్చినయో చూసుడు. మోటర్ సైకిలంటె మద్రాసుల చేసే బుల్లెట్, మైసూరుల చేసే జావా, లేకుంటె రాజ్‌దూత్. బుల్లెట్ మనకాడ 1955 నుంచి తయారైతాంది గని, ఊర్లల్ల దాని సప్పుడు వినవడ్డదంటె దొరనో, పోలీసులో, కల్లు కంట్రాక్టరో అచ్చినట్టే. పిల్లలు ఎనుక ఉరికెటోళ్లు, పెద్దలు గడపల్లకు జరిగెటోళ్లు. 1978ల రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర అయినంక జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. గడీలు ఖాళీ చేసి దొరలు పట్నం తొవ్వ పట్టిన్రు. అటెనుక బండ్లు కొన్నోళ్లు వేరే మనుషులు. పంతుళ్లు, గ్రామసేవకులు, ఆర్‌ఎంపీ డాక్టర్లు, కొత్తగ దుకాణం పెట్టిన వ్యాపారులు.

ఇగ స్కూటర్ల ముచ్చట. ఇప్పటి పోరగాండ్లకు చెప్తె నమ్మరు. బజాజ్ చేతక్ 1972ల అచ్చింది. కొనాల్నంటె ముందుగాల పైసలు కట్టి బుక్ చేసి లైన్ల ఉండాలె. లైనంటె దుకాణం ముంగట నిలవడుడు కాదు, ఏండ్లకు ఏండ్లు సూసుడు. పెండ్లి కుదిరినప్పుడు బుక్ చేసినోని ఇంటికి పెద్దబిడ్డ బడికి పోయేనాటికి స్కూటర్ అచ్చేది. కంపెనీ చేతగాక కాదు. యేడాదికి ఎన్ని బండ్లు చెయ్యాల్నో సర్కారు లైసెన్సుల రాసి ఉండేది, అంతకంటె ఎక్కువ చెయ్యరాదు. హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సుత పుష్పక్ అని ఒక స్కూటర్ తీసింది. లక్నో నుంచి విజయ్ సూపర్ అచ్చేది. అవి జల్ది దొరికినా జనం కన్ను మాత్రం చేతక్ మీదనే ఉండె.

గప్పుడు బండి కంటె బుకింగ్ కాయితానికే గిరాకి. పేరొచ్చినోడు స్కూటర్ను షోరూం గడప దాటకముందే ఇంకొకనికి అమ్మి, మీద వేల రూపాయలు మిగుల్చుకునేది. మా బజార్ల ఒకాయన తన పేర, పెండ్లాం పేర, బామ్మర్ది పేర బుక్ చేసి పెట్టిండు. ఆయనకు స్కూటర్ తోలరాదు! కాయితాలు అమ్ముకొనే బిడ్డ పెండ్లి చేసిండు.

ఆ లైను దాటే తొవ్వ ఒక్కటే ఉండె. బయటి దేశం నుంచి డాలర్లల్ల పైసలు కడితె సర్కారు ముందుగాల ఇచ్చేది, దేశానికి బయటి పైస కావాలె గదా. గీడ మనోళ్ల నసీబు తిరిగింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు మొగోళ్లు అప్పటికే దుబాయి, మస్కట్, సౌదీ పట్టిన్రు. కాలం కాక, బాయిలెండి, అప్పు తీర్వక పోయినోళ్లు. ఊర్ల ఉన్న సావుకారి లైన్ల ఏండ్లు సూస్తుంటె, మస్కట్ల తాపీ పని చేసే కూలోడు చుట్టీకి అచ్చి తమ్మునికి స్కూటర్ ఇప్పిచ్చి పోయిండు. నేను కండ్లార చూసిన. ఊరు ఊరంత ఆ ఇంటి ముంగట జమైంది. దాని ధర ఎవలూ అడుగలే, ఎట్ల దొరికిందని అడిగిన్రు. నన్నడిగితె మా దిక్కు మనిషికి మర్యాద కులం నుంచి పైసకు మళ్లింది గా స్కూటర్ల కాలంలనే.

సైకిళ్ల నుంచి బండ్ల షాపుల మెకానిక్‌నైనంక ఎర్కైంది, చేతక్‌ను రిపేరు చేసుడు సుత ఒక ఇద్దె. కిక్కుకు లేవకపోతె పక్కకు వంచాలె, మళ్ల లేపి కొట్టాలె. పిట్రోల్ల ఆయిల్ కలిపి పోసే ఇంజన్లు గదా, ప్లగ్గుకు మసి పడితె గీకుడు, సైలెన్సర్ల కార్బన్ తీసుడు, మాకు రోజు అదే పని. మాకైతె అన్నం పెట్టింది ఆ మసే.

1984, 85 అచ్చేవరకు జపానోళ్లు దిగిన్రు. ఇండ్-సుజుకి, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసాకి బజాజ్ అన్నీ ఒకటెనుక ఒకటి అచ్చినయ్. హీరో హోండా సీడీ 100 తొలి బండి 1985 ఏప్రిల్ల ఫ్యాక్టరీ దాటింది. పోరగాండ్లు ఆర్‌ఎక్స్ ఎనుక పడ్డరు, దాని ఉరుకుడు గట్లుండె. అది 1996ల బందైంది. ఇయ్యాల పాత ఆర్‌ఎక్స్ నున్నగ రంగేసి పెడితె కొత్త బండి ధరకంటె ఎక్కువ పెట్టి కొంటున్నరు. ఎందుకో నాకైతె సమజ్ కాలే. సప్పుడు కోసమట.

రైతులు, ఉద్యోగస్తులు మాత్రం సీడీ 100 దిక్కే నడిచిన్రు. లీటరుకు 80 కిలోమీటర్లని కంపెనీ చెప్పింది. మా మెకానిక్‌లు మొదలు నవ్విన్రు. పిట్రోల్ల ఆయిల్ కలుపకుంట ఇంజన్ ఎట్ల నడుస్తదిరా, ఆర్నెల్లల్ల పట్టేస్తది సూడు అన్నరు. ఆర్నెల్లు పోయె, ఆరేండ్లు పోయె, బండి నడుస్తనే ఉన్నది. 1994ల స్ప్లెండర్ అచ్చినంక ఇగ చెప్పవడ్తి. 1998-99ల దేశం మొత్తం మీద స్కూటర్ల కంటె మోటర్ సైకిళ్లు ఎక్కువ అమ్ముడువోయినయ్. 2001ల హీరో హోండా లోకంలనే ఎక్కువ బండ్లు చేసే కంపెనీ అయింది. చేతక్ చేసిన బజాజ్ కంపెనీయే 2009 ఆఖరుకు స్కూటర్లు బంద్ పెడుతున్నమని చెప్పింది.

కారణం మైలేజీ ఒక్కటే అంటరు, నేను ఒప్ప. చక్రం చూడు. స్కూటర్ చక్రం 10 ఇంచులు, స్ప్లెండర్ది 18. రాయికల్, కథలాపూర్ దిక్కు తొవ్వలు గప్పుడు ఎట్లుండేనో మీ నాయినను అడుగు. వానకాలం ఆ గుంతలల్ల స్కూటర్ చక్రం దిగితె ఇద్దరు మొగోళ్లు లేపాలె. మోటర్ సైకిలైతె గుంతల పడి లేచి పోతది. మా దిక్కు స్కూటర్ను సంపింది తొవ్వలే. తొవ్వలు తారు పోసుకొని నున్నగైనంక, ఆడపిల్లలు కాలేజీలకు, ఉద్యోగాలకు పోవుడు మొదలైనంక మళ్ల యాక్టివా పేరుతోని స్కూటర్ తిరిగచ్చింది. గేర్లు లేవు, కిక్కు కొట్టే పని లేదు.

మొన్న మన రాజుగాడు చెప్తున్నడు, అమెరికల గుట్టలల్ల, ఇసుకల తోలేటందుకే వేరే బండ్లుంటయట, ఆఫ్-రోడ్ అంటరట, ఆదివారం ట్రాలీల ఎక్కిచ్చుకపోయి సరదాకు తోలుకొని వాపసు తెచ్చుకుంటరట. మనకాడ సుత ఇప్పుడు హిమాలయన్, ఎక్స్‌పల్స్ అని అచ్చినయ్. నాకు నవ్వచ్చింది. ఆఫ్-రోడ్డంటె మనకు పొలం గట్టే గదరా! దాని మీద నలబై ఏండ్ల సంది తిరుగుతున్న బండి టీవీఎస్. 1972ల లూనా అచ్చింది, 1980ల టీవీఎస్ 50 అచ్చింది, అటెనుక ఎక్సెల్. ముంగట యూరియా బస్త, ఎనుక గడ్డిమోపు, గడ్డిమోపు మీద పెండ్లాం. కాలువ కట్ట మీద, బురదల, మడికట్ల నడుమ అది పోని జాగ లేదు. సిరిసిల్లల గుడ్డ తాన్లు మోసింది అదే, ఊరూరు తిరిగి చేపలు, పాలు, బట్టలు అమ్మింది అదే. దాని మీద ఎవలూ ఫొటో దిగరు. పెండ్లికి పోతె మూలకు పెడతరు. గని పెద్ద కంపెనీల మోపెడ్లన్నీ బందైనా ఎక్సెల్ మాత్రం బందు కాలే, 2015ల నాలుగు స్ట్రోకుల ఇంజనేసుకొని ఎక్సెల్ 100 అని మళ్ల దిగింది. నన్నడిగితె మా జిల్లాల అన్నిటికంటె మర్యాద ఇయ్యాల్సిన బండి అది.

పంచాంగం ముచ్చట అన్న గదా. ఆషాఢం, పుష్యం, మూఢాలు అచ్చినయంటె షోరూమోళ్లు ఈగలు కొట్టుకుంట కూసుంటరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం అచ్చెవరకు పెండ్లిళ్లు, పెండ్లిళ్లంటె బండ్లు. కొత్తబండి కొన్నోడు ముందుగాల కొండగట్టు అంజన్న తానకు ఉరుకుతడు, లేకుంటె వేములవాడ. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కిచ్చి, హ్యాండిల్‌కు గంగరావి ఆకులు, బంతిపూలు కడ్తరు. దసర రోజు ఇంటింటికి బండి కడుగుడే ఒక పండుగ.

పెండ్లి బండి మాత్రం ఆడపిల్ల తండ్రి నెత్తి మీద పడ్డది. ఈ ముచ్చట దాస్తె పాపం తాకుతది. కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమని 1961లనే చట్టం అచ్చింది. అయినా మా షాపుల కూసుంటె ఏ యేడు పిలగాండ్ల ధర ఎంతున్నదో తెలిసేది. ముందుగాల సైకిలు, గడియారం, రేడియో. తర్వాత చేతక్. అటెనుక "హీరో హోండా పెట్టాలె" అని లగ్గం కాయితంలనే రాసుకునుడు. 2001ల పల్సర్ అచ్చింది, ఇగ పల్సరే కావాల్నన్నరు. ఇప్పుడు బుల్లెట్ అంటున్నరు. బీడీలు చేసే తల్లి పీఎఫ్ పైసలు తీసి అల్లునికి బండి కొనిచ్చింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన ఏళ్లతోని ఆ తల్లి షోరూం గల్లా మీద నోట్లు లెక్కవెడ్తుంటె, అల్లుడు బయట రంగు బాగలేదని అలిగి నిలవడ్డడు. గసొంటి బండి అమ్మి మేము లాభం తిన్నం గని, అమ్మిన్నాడు అన్నం పోకపోయేది.

కాలువ నీళ్లు పారినంక రైతు చేతుల పైస ఆడింది. పసుపు, వరి, మక్క. 2010 ఆ ప్రాంతంల పసుపు క్వింటాలుకు 15 వేలు దాటిన్నాడు మెట్‌పల్లి, కోరుట్ల రైతులు రొక్కం సంచిల కట్టుకొని అచ్చి బండ్లు పట్టుకపోయిన్రు. తర్వాత పసుపు పడిపోయింది, షోరూం సుత సల్లవడ్డది. సిరిసిల్ల లెక్క వేరు. 1990ల ఆఖరుకు, 2000 అటిటు సాంచాలు ఆగి, నేతన్నలు ఉరివోసుకున్న కాలంల అక్కడ బండ్లు కొనుడు పక్కకువెట్టు, ఉన్నయే అమ్ముకొని బీవండి బస్సెక్కిన్రు. 2017 నుంచి బతుకమ్మ చీరెల ఆర్డర్లు అచ్చినంక సాంచాలు మళ్ల రాత్రిపొద్దు నడిచినయ్, చీరె బిల్లులు అచ్చిన నెల బండ్ల గిరాకి సుత లేచింది. గా బిల్లులు ఆగినప్పుడు వాయిదాలు సుత ఆగినయ్.

దుబాయిది ఇంకొక తీరు. అక్కడి పైసతోని కొన్న బండి, అక్కడికి పోయేటందుకే అమ్ముడు. ఏజెంటుకు కట్టాలె, వీసా తీయాలె, ఇంట్ల అమ్మేటందుకు ఉన్నది బండే. 2008-09ల దుబాయిల కట్టుడు పనులు ఆగినప్పుడు మా బజార్ల కొత్త బండ్ల కంటె పాత బండ్ల బేరాలే ఎక్కువైనయ్. ఏ ఊర్ల ఎన్ని పాత బండ్లు అమ్మకానికి నిలిచినయో చూసి గల్ఫ్‌ల ఏమైతాందో చెప్పెటోళ్లం, పేపరు చదువకుంటనే.

పాతబండి వయసు చూసుడు మాకు అల్కె. నంబరు పలక చదివితె సాలు. ఏపీ 15 అని ఉంటె అది ఉమ్మడి కరీంనగర్‌ది, తెలంగాణ రాకముందుది. టీఎస్ 02 ఉంటె 2014 తర్వాతది. 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడగొట్టినంక జగిత్యాలకు టీఎస్ 21, సిరిసిల్లకు టీఎస్ 23 అచ్చినయ్. 2024 మార్చి సంది టీజీ అని పడ్తాంది. మా షాపు ముంగట ఈ నాలుగు తీర్ల పలకలూ ఒక్క వరుసల నిలవడ్డ రోజులున్నయ్.

2016ల మన దేశం చైనాను దాటి లోకంలనే ఎక్కువ రెండు చక్రాల బండ్లు కొనే దేశమైంది. ఆ యేడే నవంబర్ 8 రాత్రి నోట్లు రద్దైనయ్. మా దిక్కు బేరమంత రొక్కం మీదనే. డిసెంబర్ల దేశమంతట బండ్ల అమ్మకం ఐదోవంతుకంటె ఎక్కువ పడ్డది. అది తేరుకునేలోపట 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఇంకొక బాంబేసింది. పొగ ఎక్కువిడిచే బీఎస్-3 బండ్లు ఏప్రిల్ 1 నుంచి అమ్మొద్దు, రిజిస్ట్రేషన్ చెయ్యొద్దు అన్నది. దేశంల 6 లక్షల డెబ్బై వేల దాంక రెండు చక్రాల బండ్లు గోదాంలల్ల ఉన్నయ్, అమ్మేటందుకు మిగిలింది రెండు రోజులు.

గా రెండు రోజులు నేను మరువ. కొన్ని బండ్ల మీద 10 వేలు, కొన్నిటి మీద 20 వేలు దాటి తగ్గిచ్చిన్రు. పొద్దున పది గొట్టంగ ఫోన్లు మొదలైనయ్, మాపటికల్ల జాతరైంది. బండి ఏదని అడిగినోడు లేడు, రంగు అడిగినోడు లేడు, ఉన్నది ఇయ్యి అన్నరు. అల్లునికి కొన్నోళ్లు, ఇంక పెండ్లి కుదరని కొడుక్కు కొన్నోళ్లు, రేపు అమ్ముకుందామని రెండు మూడు పట్టుకపోయినోళ్లు. రాత్రి పన్నెండు దాంక లైట్లార్పలే. బుకింగ్ కాయితాలు అమ్ముకున్న పాత రోజులు యాదికచ్చి నాకు నవ్వచ్చింది. జనం మళ్ల మీద పడ్డరు, గని ఈసారి పరేశానైంది షాపోడు.

ఇగ అక్కడి సంది చానేండ్లు బండి ధర ఎక్కుడే గని దిగుడు లేకపోయె. 2018 సెప్టెంబర్ల ఐదేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కసారే కట్టాల్నన్నరు. 2019ల రెండు బ్రేకులు కలిసి పడే ఏర్పాటో, ఏబీఎస్సో ఉండాల్నన్నరు. 2020 ఏప్రిల్ల బీఎస్-6 అచ్చింది, కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ అచ్చింది. అప్పటికే కరోనాకు తాళాలు పడ్డయ్. ఇవన్నీ మంచికే పెట్టిన్రు, నేను తప్పు వట్ట. గని ఆ బరువంత 100 సీసీ బండి కొనే రైతుకూలి మీదనే ఎక్కువ పడ్డది. లెక్క సూడుర్రి, 2018-19ల దేశంల 2 కోట్ల 11 లక్షల బండ్లు అమ్ముడువోయినయ్, 2021-22ల 1 కోటి 35 లక్షలకు దిగినయ్. బుల్లెట్ కొనేటోడు బుల్లెట్ కొంటనే ఉన్నడు, కూలికి పోయేటోడు పాత స్ప్లెండర్‌కు బోరు చేపిచ్చుకొని నడిపిండు. నా చేతికి అంత పని అంతకుముందు దొరుకలే.

మళ్ల మెల్లగ లేచి 2024-25ల 1 కోటి 96 లక్షలకు అచ్చినయ్. మొన్న 2025ల ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి, సెప్టెంబర్ 22న, 350 సీసీ దాంక బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. తగ్గుతదని నెలరోజుల ముందే తెలిసి జనం కొనుడు ఆపిన్రు, ఆగిన గిరాకంత దసరకు ఒక్కసారే పడ్డది. కరెంటు బండ్లకైతె 2026 డిసెంబర్ దాంక రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవని మన సర్కారు చెప్పింది. 2022 ఏప్రిల్ల నిజామాబాద్‌ల ఒకరి ఇంట్ల చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ముసలాయన పాణం పోయినంక ఇక్కడ జనం జర ఎనుకముందాడిన్రు, ఇప్పుడు మళ్ల అడుగుతున్నరు. కొంటె కొనుర్రి గని, పడుకునే అర్రల చార్జింగ్ పెట్టకుర్రి.

మా కాలంల పైసలు చేతిల ఉండె, బండి కోసం సూసినం. ఇప్పుడు బండి బయట నిలవడి ఉన్నది, మూడేండ్లు పైసల కోసం సూస్తున్నరు. రొక్కం కట్టి బండి పట్టుకపోయేటోడు తక్కువైండు, వాయిదాల మీద తీసుకపోయేటోళ్లే ఎక్కువ. వాయిదా తప్పితె ఊరి నడుమ బండి ఆపి తాళం గుంజుకుంటున్నరు, గుంజుకపోయిన బండ్లను వేలమేస్తున్నరు. అటువంటి ఒక బండికి నేను రిపేరు చేసిన, డాక్యుమెంట్ల కవర్ల అది కొన్న పిలగాని పెండ్లి పత్రిక ఇంకా ఉండె.

గందుకే మనుమడా, రేపు జగిత్యాలకు పోతున్నవు గదా, షోరూంల వాయిదా ఎంతని అడుగకు. మూడు వేలే గదా అంటరు. 36 నెలలైతె 1 లక్షా 8 వేలు, ముందు కట్టింది దాని మీద వేరే. మొత్తం ఎంతైతదో కాయితం మీద రాపిచ్చుకో, ఇన్సూరెన్సు ఎన్నేండ్లదో సూడు, ఆర్‌సీ ఎప్పుడిస్తరో అడుగు. బండి అమ్మేటోడు దానితోపాటే హెల్మెటు ఇయ్యాల్నని చట్టంల ఉన్నది, అది తీసుకోకుంట గడప దిగకు.